161 రోజులు, ఒక శనివారం తక్కువ

ఇంటికొచ్చి మూడు వారాలైంది. తిరుపతి బైరాగిపట్టెడలో కూరగాయల బండి దగ్గర నిలబడినా, తిరుచానూరు గుళ్లో క్యూలో ఉన్నా ఎవరో ఒకరు పట్టుకుంటున్నారు. "ప్రపంచమంతా చుట్టొచ్చినారంట కదమ్మే, ఏమేం చూసినారు?" చూసింది చెబితే నమ్మరు. సింగపూర్‌లో షిప్ ఎక్కి, ఆఫ్రికా కింది నుంచి బ్రెజిల్, అక్కణ్ణుంచి హాలండ్, కొలంబియా, పనామా, కొరియా తిరిగి మళ్లీ సింగపూర్‌లోనే దిగాం. 2024 జనవరి 18 నుంచి జూన్ 27 దాకా. ఆ 161 రోజుల్లో నా కాలు ఒక్కసారి కూడా నేల మీద పడలేదు.

మా బావ, అంటే మా మేనత్త కొడుకు, నా మొగుడే, సరకు ఓడల మీద సెకండ్ ఇంజనీరు. మాకు ఆరేళ్ల కొడుకు. మా బజారులోనే ఇంకో ఇద్దరి భర్తలు షిప్పుల్లో ఉన్నారు. "మేమూ పోవచ్చా, పిల్లల్ని తీసుకుపోవచ్చా" అని వాళ్లు అడగబట్టే ఇదంతా రాస్తున్నా.

ముందొక మాట. మేం ప్రపంచం చుట్టాలని బయల్దేరలేదు. మా ఓడ బొగ్గు, ధాన్యం లాంటివి గుట్టలుగా పోసుకుపోయే రకం. దానికి బస్సులాగా రూటు ఉండదు, బాడుగ ఆటో లాంటిది. ఎవరు బాడుగ మాట్లాడితే అటు పోతుంది. ఎక్కేటప్పుడు నాకు చెప్పింది "బ్రెజిల్ పోయి, అక్కణ్ణుంచి చైనా, మూడు నెలలు" అని.

పని మొదలైంది 2023 నవంబర్‌లో. పిల్లోడి పాస్‌పోర్టు తండ్రి ఇంట్లో ఉండగానే తీయించుకోండి. ఇద్దరి సంతకాలతో అనెక్షర్ డి అనే ఒప్పుకోలు పత్రం ఇస్తే సులభంగా అయిపోతుంది. ఆయన షిప్పెక్కినాక అయితే ఆ సంతకం కోసం ఏ దేశం రేవులో పట్టుకుంటారు? నవంబర్ 6న తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రానికి ముగ్గురం పోయాం. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పది శాతం తగ్గింపు పోను 900 రూపాయలు. పదో రోజున స్పీడ్ పోస్టులో వచ్చింది. నవంబర్ 25న బావ చైనాలో షిప్పెక్కాడు.

కంపెనీ అనుమతికి మాత్రం 33 రోజులు పట్టింది. భార్యల్ని తెచ్చుకునే వీలు ఆ కంపెనీలో పై నాలుగు ర్యాంకులకే ఉంది. అది తెలుసు. తెలియనిది ఇంకోటి ఉంది. ఓడలో ఖాళీ గదులెన్ని అన్నది కాదు లెక్క, లైఫ్‌బోటులో సీట్లెన్ని అన్నది. మా ఓడలో సీట్లు 25. పనివాళ్లు 22 మంది. మేమిద్దరం పోతే మిగిలేది ఒక్కటి. చీఫ్ ఆఫీసరు కూడా భార్యనీ కూతుర్నీ తెచ్చుకుందామనుకున్నాడట, మా పేర్లు ముందు పోయేసరికి ఆగిపోయాడు. ఆ ఒక్క మాట నన్ను ఓడలో ఉన్నన్నాళ్లూ గుచ్చింది. ఆయన మాత్రం రోజూ మావాడికి బిస్కెట్లు ఇచ్చేవాడు.

డిసెంబర్ 27న సరేనని మెయిల్ వచ్చింది. అక్కణ్ణుంచి మూడు వారాలు పరుగులే. ఏం జరిగినా కంపెనీని అడగనని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించాలి. రక్తపరీక్షలు, ఎక్స్‌రే, గర్భం లేదన్న సర్టిఫికెట్. సింగపూర్ వీసా. ఎల్లో ఫీవర్ టీకా కోసం చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పోయాం. తలా 300 రూపాయలు. వేయించుకున్న పది రోజుల తర్వాతే దానికిచ్చే పసుపు కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. నేను జనవరి 3న పోయాను కాబట్టి సరిపోయింది. ఇంకో వారం ఆలస్యమై ఉంటే టికెట్ మార్చుకోవాల్సి వచ్చేది.

స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ నన్ను రెండు సార్లు తిప్పి పంపింది. మూడోసారి ఫీజు మొత్తం కట్టేస్తానన్నాక "ఒకటో తరగతే కదా, పోయి రండి" అంది.

పిల్లల డాక్టరు దగ్గర మాత్రం అరగంట కూర్చున్నాను. అది నేను చేసిన అన్నింటికన్నా మంచి పని. ఓడలో మందుల గది ఉంటుంది, కానీ అన్నీ పెద్దవాళ్ల మాత్రలు. జ్వరానికి, వాంతులకు, విరేచనాలకు, చెవినొప్పికి సిరప్పులు, ఏది ఎంత పోయాలో ఆయన చేతిరాతతో ఒక కాగితం. 3,400 అయింది.

మా అత్త సంగతి వేరే. ఆమెకు ఓడంటే అన్నం దొరకని చోటు. ఆవకాయ, చెనక్కాయల పొడి, రాగిపిండి, ఒడియాలు, చింతపండు, ఎండబెట్టిన వేపపువ్వు, నెయ్యి. "వేపపువ్వెందుకత్తా?" అంటే, "ఉగాది ఎక్కడొస్తాదో ఎవురికి తెలుసు" అంది.

జనవరి 17 రాత్రి చెన్నైలో విమానం ఎక్కి, 18 మధ్యాహ్నానికి సింగపూర్ రేవులో ఒక చిన్న లాంచిలో కూర్చున్నాం. షిప్ ఒడ్డున ఉండదు, సముద్రంలో లంగరేసి ఉంటుంది. ముప్పావుగంట పోయాక కనబడింది. ఖాళీ ఓడ కదా, నాలుగంతస్తుల మేడంత ఎత్తున నీళ్ల మీదికి లేచి ఉంది. తుప్పు మరకల ఎర్ర గోడ. దాని పక్కన ఏటవాలుగా వేలాడుతున్న అల్యూమినియం మెట్లు. ఆ మెట్లు ఒకచోట ఉంటాయి, లాంచి ఒకచోట ఉండదు. పైకి లేస్తుంది, కిందికి పడుతుంది. చీర వద్దు, బూట్లు వేసుకుని రా అని బావ ఎందుకు పదిసార్లు చెప్పాడో అప్పుడు తెలిసింది.

పై నుంచి ఒకాయన దిగొచ్చాడు. నారింజ రంగు బాయిలర్ సూటు, నెరిసిన మీసం. మావాడికి నడుముకు పట్టీ కట్టి, తాడు పైవాళ్లకు అందించి, నా వైపు తిరిగి, "భయం లేదమ్మా. బోటు పైకి లెగిసినప్పుడే కాలెయ్యాల, దిగినప్పుడు ఎయ్యకూడదు, అంతే" అన్నాడు. నడి సముద్రంలో సోంపేట తెలుగు! ఆయన మా ఓడలో ఫిట్టరు. మావాడు కోతిపిల్లలా ఎక్కేశాడు. నేను 42 మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. సామాన్లు వలలో వేసి క్రేనుతో లాగారు. ఆవకాయ జాడీ క్షేమంగా చేరింది, నెయ్యి సీసా పగిలి రాగిపిండిలో కలిసింది.

బావ కనబడలేదు. ఆ సమయానికే ఓడకు ఇంధనం పడుతున్నారట, పైకి రాలేడట. అయిదు గంటల తర్వాత వచ్చాడు, చెవుల మీద మఫ్స్ అచ్చులు, మోచేతుల దాకా నూనె. రెండు నెలలుగా ఫోన్‌లో ముద్దులు పెట్టిన కొడుకు నా వెనక దాక్కున్నాడు. "వాసనొస్తోంది" అన్నాడు.

ఇల్లంటే రెండు గదులు. ఒకటి కూర్చోడానికి, ఒకటి పడుకోడానికి. కిటికీలోంచి చూస్తే ఏడు పెద్ద ఇనుప మూతలు వరసగా, వాటి చివర ఓడ ముక్కు. పొడవు 225 మీటర్లు, వెడల్పు 32. మొదటి సాయంత్రమే థర్డ్ ఆఫీసరు వచ్చి మావాడి కొలతకు చిన్న లైఫ్‌జాకెట్ తొడిగి చూపించాడు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే ఏ పనిలో ఉన్నా దాన్ని తీసుకుని పరుగెత్తాలి. డ్రిల్ శనివారాల్లో. నాకేమో శనివారం ఒక్కపొద్దు, పెళ్లయినప్పటి నుంచీ స్వామికి మొక్కు. ఖాళీ కడుపుతో ఎండలో నిలబడి పేరు పిలిస్తే పలకడం, అదొక కొత్త సేవ.

సుండా జలసంధి దాటేటప్పుడు తెల్లవారుజామున క్రకటోవా అగ్నిపర్వతం చూపించాడు బావ. అదే ఆఖరి నేల. ఆ తర్వాత హిందూ మహాసముద్రపు పొడుగాటి అలలు పక్క నుంచి తగలడం మొదలైంది. నాలుగు రోజులు నేను మనిషిని కాదు. నీళ్లు తాగినా నిలవలేదు. మావాడికి ఏమీ కాలేదు, సుబ్బరంగా తిని కారిడార్లో జారుకుంటూ ఆడుకున్నాడు. పిల్లలు పడిపోతారని భయపడతాం గానీ పడేది మనమే. కాళ్లు సర్దుకున్నాక కొన్ని కిటుకులు నేర్చుకున్నాను. బల్ల మీద గుడ్డ తడిపి పరిచి దాని మీద పళ్లెం పెడితే జారదు. పరుపు అంచు కింద లైఫ్‌జాకెట్ దూర్చితే మంచం దొన్నెలా అవుతుంది, దొర్లకుండా నిద్రపోవచ్చు. కడుపులో తిప్పినప్పుడు పై అంతస్తులో ఉండకూడదు, కింద మెస్ రూమ్‌లోకి పోవాలి, అక్కడ ఊపు తక్కువ.

జనవరి 29 రాత్రి మావాడికి 103 జ్వరం, చెవి పట్టుకుని ఒకటే ఏడుపు. ఓడలో డాక్టరు ఉండడు. సెకండ్ ఆఫీసరే డాక్టరు, ఇరవై ఏడేళ్ల పిల్లగాడు. తను నాకన్నా ఎక్కువ భయపడుతున్నాడని వాడి చేతులు చూస్తే తెలిసింది. మేం పోయే దారిలో ఒడ్డు ఇంకా వారం రోజుల దూరం. కెప్టెన్ శాటిలైట్ ఫోన్‌లో రోమ్‌కు పలికించాడు. అక్కడ 1935 నుంచి ఓడలకు ఉచితంగా వైద్య సలహా ఇచ్చే కేంద్రం ఉంది. బరువెంత, మెడ వంచగలుగుతున్నాడా, చెవిలోంచి ఏమైనా కారుతోందా అని అడిగారు. బరువు నాకు తెలియదు! స్టోర్లో కూరగాయలు తూచే కాటా మీద నిలబెట్టాం, ఓడ ఊగుతుంటే ముల్లు 17కీ 22కీ మధ్య ఆడింది. తిరుపతి నుంచి తెచ్చిన మందుల పేర్లు చదివి వినిపిస్తే, అందులోనే ఒకటి మొదలుపెట్టమన్నారు. మూడో రోజుకు తగ్గింది. ఆ మూడు రాత్రులూ బావ ఇంజిన్ రూమ్ నుంచి గంటకోసారి పైకొచ్చి చేయి కడుక్కుని వాడి నుదురు చూసి వెళ్లాడు. నా మీద కోప్పడతాడేమో, ఎందుకు తెచ్చావంటాడేమో అని చూశాను. అనలేదు. అనుంటే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది, ఇద్దరం మనసులోనే అనుకుంటూ ఉండిపోయాం.

కేప్ ఆఫ్ గుడ్ హోప్ ఫిబ్రవరి 6న దాటాం. అందరూ అడిగేది దాని గురించే. అరవై మైళ్ల దూరం నుంచి దాటాం, ఏమీ కనబడలేదు. ఆల్బట్రాస్ పక్షి ఒకటి రెక్క కదపకుండా రెండు రోజులు వెంట వచ్చింది.

ఇక బ్రెజిల్‌లోని శాంటోస్. ఫిబ్రవరి 17న చేరాం. సోయా కోతల కాలం, ఓడలన్నీ అక్కడే. లంగరేశాం. అయిదు రోజులన్నారు, పదన్నారు, చివరికి 24 రోజులు. మొత్తం ప్రయాణంలో కష్టం ఏదంటే తుపాను కాదు, ఈ 24 రోజులే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు దాని వేడితోనే సముద్రపు నీళ్లను మంచినీళ్లుగా మార్చుకుంటారు. లంగరేస్తే అది ఆగిపోతుంది. తొట్టిలో ఉన్నదే వాడుకోవాలి. బట్టలు బుధవారం, శనివారం మాత్రమే. స్నానం బకెట్. రాత్రయితే చుట్టూ ఓడల దీపాలు, వాటి వెనక ఊరి దీపాలు, కొండ మీద ఇళ్లు. అలిపిరి నుంచి రాత్రి పూట కొండను చూసినట్టుండేది. చూడొచ్చు, పోకూడదు. దిగాలంటే నాకు వీసా కావాలి. ఓడ పనివాళ్లకు నావికుల పుస్తకం ఉంటుంది, దిగనిస్తారు. నా పేరు సిబ్బంది జాబితా చివర సూపర్‌న్యూమరరీ అని ఉంటుంది. అంటే లెక్కకు మించిన మనిషి. ఆ మాట నాకు భలే సరిపోయింది అనిపించింది.

ఎందుకంటే లంగరేసిన రోజుల్లోనే బావకు పని ఎక్కువ. సముద్రంలో ఆపలేని ఇంజిన్ అప్పుడు ఆగుతుంది కదా, పిస్టన్ బయటికి లాగి బాగుచేస్తారు. ఉదయం ఆరుకు పోతే రాత్రి తొమ్మిదికి రావడం, అన్నం ముందు కూర్చునే నిద్రపోవడం. మహాశివరాత్రి మార్చి 8న, జాగారం నేను చేశాను, బావ ఇంజిన్‌తో చేశాడు. తెల్లారి పెద్ద గొడవైంది. "కపిలతీర్థంలో ఒక్కదాన్నే ఉన్నా ఇంతకన్నా తోడుండేది, నన్ను ఇంటికి పంపు" అన్నాను. "ఎట్ల పంపాల? ఈదుకుంటూ పోతావా?" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి లైటు తీశాక, "పదేళ్లుగా నేనిట్లే ఉండానే. నీకు ఫోన్‌లో నవ్వుతా కనబడేది పావుగంట" అన్నాడు. ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఆ పావుగంట కోసం నేను ఎన్ని ఫిర్యాదులు దాచిపెట్టుకుని కూర్చునేదాన్నో.

మర్నాటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా గ్యాలీ, అంటే ఓడ వంటిల్లు, ఖాళీగా ఉంటుంది. మంగళూరు నుంచి వచ్చిన చీఫ్ కుక్‌ను అడిగి ఆ గంటన్నర తీసుకున్నాను. మొదట పప్పుచారు, తర్వాత చెనక్కాయల ఊరుబిండి, వారానికోసారి ఇరవై నాలుగు మందికి పులిహోర. ఫిట్టరుగారు "ఏటమ్మా, ఇలాగైతే నేను సైన్ ఆఫ్ అవ్వను" అనేవాడు, అంటే డ్యూటీ ముగించి ఓడ దిగనని. మావాడికి పాత బేరింగులతో లారీ చేసిచ్చాడు. చదువు ఉదయం పది నుంచి పన్నెండు. లెక్కలకు బ్రిడ్జ్ మీద, అంటే ఓడ నడిపే గదిలో, ఉన్న మ్యాపు చాలు, మధ్యాహ్నం మధ్యాహ్నానికి ఎన్ని మైళ్లు పోయామో వాడే కూడేవాడు. సుమారు 300 వచ్చేది.

మార్చి 12న జెట్టీకి కట్టారు. చినుకు పడితే చాలు మూతలు వేసేస్తారు, సోయా పిండి తడవకూడదు. రెండు రోజుల పని ఆరు రోజులైంది. మావాడు మెట్ల చివర కూర్చుని, కాపలా అబ్బాయి చూస్తుండగా కాలు చాపి బొటనవేలితో బ్రెజిల్ సిమెంటును తాకి వచ్చాడు. ఇప్పుడు స్కూల్లో బ్రెజిల్ పోయొచ్చానని చెబుతున్నాడు, నేను సరిదిద్దలేదు.

అక్కడే తెలిసింది, చైనా కాదు, రోటర్‌డామ్ అని. ఆర్డర్లు మారాయి. మూడు నెలలన్నది అయిదయ్యేలా ఉందని అత్తకు చెప్పడానికి నేను రెండు రోజులు తీసుకున్నాను. దారిలో మార్చి 26 అర్ధరాత్రి దాటాక ఉలిక్కిపడి లేచాను. చప్పుడుకు కాదు, చప్పుడు ఆగిపోయినందుకు. రెండు నెలలుగా గోడల్లో, గ్లాసుల్లో, పళ్లల్లో ఉన్న వణుకు పోయింది. ఇంధనం పైపులో లీకు. బావ అప్పటికే లేడు, చెప్పులు మంచం కిందే ఉన్నాయి. మూడు గంటలు ఓడ అట్లాంటిక్ మధ్యలో చెక్కముక్కలా తేలుతూ ఉంది. మళ్లీ వణుకు మొదలయ్యాక మావాడు నిద్రలోనే "నాన్న చేసేసినాడు" అన్నాడు. ఆ మాట బావకు చెప్పాను. ఏమీ అనలేదు, స్నానానికి పోయి చాలాసేపు రాలేదు.

రోటర్‌డామ్‌లో ఏప్రిల్ 9, ఉగాది, క్రోధి నామ సంవత్సరం. ఎముకలు కొరికే చలి, కిటికీ నిండా గాలిమరలు. మామిడికాయ లేదు, పుల్లటి పచ్చి ఆపిల్ తరిగాను. వేపపువ్వు మాత్రం అత్తది. 22 మందికీ చిన్న గ్లాసుల్లో ఇచ్చాం. హర్యానా కెప్టెన్ గుటుక్కున మింగి, కళ్లు మూసుకుని, "ఇది మందా ప్రసాదమా?" అని అడిగాడు. ఇక్కడా నేను దిగలేదు, యూరప్ వీసా లేదు కదా. బావకు మూడు గంటలు దొరికితే ఊళ్లోకి పోయి ఒక కట్ట తులిప్ పూలు తెచ్చాడు. అవి పదకొండు రోజులున్నాయి, పూరేకులు రాలినాక కూడా మావాడు పారేయనివ్వలేదు.

కొలంబియాలో బొగ్గు. ఆ వారం గురించి చెప్పడానికి నల్లటి దుమ్ము తప్ప ఏమీ లేదు. తలస్నానం చేసిన నీళ్లు నల్లగా పోయేవి.

పనామా కాలువ దగ్గరికి మే 6న చేరి, ఎనిమిది రోజులు వరసలో ఉన్నాం. ముందు ఏడాది అక్కడ వానలు సరిగా పడలేదు. కాలువ మధ్యలో గటూన్ అనే సరస్సు ఉంది, సముద్రం కన్నా 26 మీటర్ల ఎత్తులో. ఓడల్ని నీళ్ల మెట్ల మీదుగా దానిలోకి ఎక్కించి అవతల దించుతారు. ఒక ఓడ దాటితే దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీళ్లు సముద్రంలో కలుస్తాయి. రోజుకు 36 ఓడల దాకా పంపేవాళ్లు 2024 మొదట్లో 24కు తగ్గించేశారట. కల్యాణి డ్యాం ఎండిన ఏడు తిరుపతిలో కొళాయి నీళ్ల కోసం బిందెలు వరసలో పెట్టినట్టు, ఇక్కడ ఓడల్ని పెట్టారు. నేనలా అంటే బావ నవ్వాడు, కానీ సంగతి అదే.

మే 14 తెల్లవారుజామున మా వంతు. ఆ రోజు మాత్రం బావ కూడా రెండు గంటలు పైనే ఉన్నాడు. లాక్ వెడల్పు ముప్పైమూడున్నర మీటర్లు, మా ఓడ 32 పైచిలుకు. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. గట్టు మీద పట్టాలెక్కిన చిన్న ఇంజిన్లు తీగలతో ఓడను నిటారుగా పట్టుకున్నాయి. వాటిని మ్యూల్స్ అంటారు, అంటే కంచరగాడిదలు. మొదట రెండు వైపులా తడి గోడలు, నాచు, బావిలో ఉన్నట్టు. గేట్లు మూశారు. చప్పుడు లేదు, కుదుపు లేదు. పది నిమిషాలకు గోడలు కిందికి దిగిపోయాయి, గడ్డి కనబడింది, గడ్డి మీద నడుస్తున్న మనిషి బూట్లు కనబడ్డాయి. గడ్డి నేలను అంత దగ్గరగా చూసి నాలుగు నెలలు. రెయిలింగ్ మీది నుంచి చేయి చాపితే అందేలా ఉంది. ఆకుల వాసన వచ్చింది, వాన కురిసిన మట్టి వాసన. నాకు తెలియకుండానే ఏడ్చేశాను. మావాడు మాత్రం దిక్సూచి చూసి గోల. పసిఫిక్ పడమర కదా, మనం తూర్పుకెందుకు పోతున్నాం అని. వాడిదే కరెక్టు. అక్కడ భూమి మెలిక తిరిగి ఉంటుంది, కాలువ ఆగ్నేయంగా సాగుతుంది, పసిఫిక్ వైపు మొన అట్లాంటిక్ మొన కన్నా తూర్పున ఉంటుంది. సాయంత్రానికి రెండో సముద్రంలో ఉన్నాం.

ఆ తర్వాత దాదాపు నాలుగు వారాలు ఏమీ లేదు. పొగమంచు, చలి, నీళ్లు.

గడియారం సంగతి ఇక్కడ చెప్పాలి. పడమటికి పోయేకొద్దీ రాత్రి పూట గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఓడలో అందరికీ ఇష్టమైన ప్రకటన అదే, ఒక గంట నిద్ర ఎక్కువ. నేను గోడ క్యాలెండర్ మీద గీతలు పెడుతూ వచ్చాను. మొత్తం ప్రయాణంలో వెనక్కి 29 సార్లు, యూరప్ వైపు పోయేటప్పుడు ముందుకు 5 సార్లు. నికరం 24 గంటలు. ఊరికే ఇచ్చారనుకున్నా. మే 31 శుక్రవారం సాయంత్రం మెస్ రూమ్ బోర్డు మీద కెప్టెన్ కాగితం అంటించాడు. 180 డిగ్రీల రేఖ, అంటే తేదీ మారే గీత, దాటుతున్నాం, ఈ రాత్రి తర్వాత రేపు జూన్ 2 ఆదివారం. జూన్ 1 లేదు.

ఆ జూన్ 1 శనివారం. పైగా మన హనుమజ్జయంతి. అటుకులు తడిపి పెట్టుకుందామని తీసిన దాన్ని మళ్లీ డబ్బాలో పోశాను. డేటా కార్డులో మిగిలిన కొంచెంతో అత్తకు ఫోన్ చేశాను. "శనివారం లేకపోవడమేందే? ఎవురన్నా ఎత్తకపోయినారా?" అంది. మాట మధ్యలోనే లైను తెగింది.

కొరియాలో జూన్ 11 నుంచి 17 దాకా ఒక కరెంటు ఉత్పత్తి కేంద్రం జెట్టీ, బొగ్గు దించారు, నేను దిగలేదు, ఇక చెప్పనవసరం లేదు. జూన్ 27న సింగపూర్‌లో ముగ్గురం కలిసి సైన్ ఆఫ్ అయ్యాం, బావకు కూడా ఏడు నెలలు నిండాయి. లాంచి గట్టుకు తగిలాక మెట్టు మీద కాలు పెడితే గట్టే ఊగింది. పట్టుకోవడానికి ఏమీ లేక మావాడి తల పట్టుకున్నాను.

ఖర్చు అడిగేవాళ్ల కోసం. తిండి, గది కంపెనీవి. విమానం టికెట్లు పోను 31 వేలు, రాను 36 వేలు, ఇవి మావే. చెన్నై తిరగడానికి కార్లకు 14 వేలు అయింది, అది ఊహించలేదు. చలిబట్టలు 7 వేలు, ఇంటర్నెట్ కార్డులు ఎనిమిదిన్నర వేలు. వీసా, పరీక్షలు, టీకాలు, మందులతో అన్నీ కలిపి లక్షా 17 వేలు. అమెరికా వీసా ఉంటే తీసుకుని ఎక్కండి. ఓడకు అటువైపు బాడుగ తగిలితే మమ్మల్ని మధ్యలో దించేయాల్సి వచ్చేదని కెప్టెన్ మాకు చివర్లో చెప్పాడు.

ఇంటికొచ్చిన రాత్రి ముగ్గురికీ నిద్ర పట్టలేదు. మరీ నిశ్శబ్దం. చివరికి అటక మీది పాత కూలరు దించి, నీళ్లు పోయకుండా ఉత్తినే ఆన్ చేసి పెట్టుకున్నాం. గడగడమంది. అయిదు నిమిషాల్లో అందరం నిద్రపోయాం. పొద్దున అన్నాల దగ్గర మావాడు గుడ్డ తడిపి తెచ్చి బల్ల మీద పరిచాడు.

అత్త మాత్రం శనివారం సంగతి మరిచిపోలేదు. స్వామికి ఒక ఒక్కపొద్దు బాకీ పడ్డావంటుంది. క్యాలెండర్ తెచ్చి గీతలన్నీ చూపించాను, ఒక్కో గంటా ఇచ్చి చివరికి ఒక రోజు తీసుకున్నారత్తా, లెక్క సరిపోయింది అని. ఓపికగా అంతా విని, "గంటగంటా నీకే ఇచ్చినారు గదా, నిద్రబోయినావు గదా. అన్ని గంటలూ పొణుకోని, ఇప్పుడు శనివారం లేదంటే ఎట్ల?" అంది. మొన్న జూలై 17 తొలి ఏకాదశి ఉపవాసాన్ని దాని కింద జమ చేసుకోమన్నాను. "అదదే, ఇదిదే" అంది. బావ ఆ పక్కనే కూర్చుని, జూన్ 1కి కూడా కంపెనీ జీతం ఇచ్చిందని నవ్వుతున్నాడు.